కోవాకు

మా షెడ్డు గోడకి ఆనించిన పెద్ద పలక మీద
ఒంగోలు నుంచి వచ్చిన ఇమ్మానుయేలు
మొదటి రోజే రాశాడు:
మన కస్టమరు ఎవరు?

నవ్వొచ్చింది.
మా నాయన కాలంలో ఈ ప్రశ్నే లేదు.
జూన్ ముందు లారీలొచ్చేవి.
ఎక్కడ ఏ పిల్లకాయ అ ఆలు దిద్దినా
వేలి కింద మార్కాపురం రాయే అనుకునేవాడు ఆయన.
అమ్మడమంటే
లారీకి తాడు బిగించడమే.

ఇప్పుడు షెడ్డులో ఆరుగురం.
గని నుంచి వచ్చిన రాయిని పొరలుగా విడదీయడం
వెలుగొండయ్యకొక్కడికే కుదురుతుంది.
ఉలి ఆనించి, చెవి ఒగ్గి,
రాయి ఎక్కడ ఒప్పుకుంటుందో అక్కడే కొడతాడు.
"మార్కెట్టూ అంతే మేడం" అన్నాడు ఇమ్మానుయేలు.
వెలుగొండయ్య తలెత్తాడు.
"అయితే దానికి చెవి ఆనిచ్చే చోటేది నాయనా?"

నెల తిరిగేసరికి పలకంతా గళ్లు.
గూగుల్లో మన పేరు, ఇన్‌స్టాలో మన రాయి,
వాట్సాప్‌కి పాత స్కూళ్ల నంబర్లు,
పాతికేళ్ల నుంచి ముప్పై అయిదు లోపు తల్లులు,
హైదరాబాదు, బెంగళూరు.
ఫ్రేములకి మేకులు కొడుతూ ఖాసింబీ అడిగింది:
"నాకు నలభయ్యొకటి. నేను కొనకూడదా?"

యాడ్‌కి తొమ్మిది వేలు పోశాం.
చూసినోళ్లు పద్నాలుగు వేల మంది.
కొన్నోళ్లు ముగ్గురు.
అందులో ఒకడు పొదిల్లో ఉండే మా మేనమామ కొడుకు.

ఆ రాత్రి నిద్ర లేదు.
పద్నాలుగు వేల బొటనవేళ్లు
నా రాయి మీంచి జారిపోతున్న చప్పుడు.
చప్పుడెక్కడిది, అదే కదా బాధ.

కొన్న రెండో మనిషి ఇంటి నుంచి ఫోనొచ్చింది.
కావలి. రైల్వేలో గార్డు చేసి దిగిపోయాడట.
గొంతు ఆపరేషనై మాట పోయిందట.
భార్య చెబుతోంది:
"ఫోన్లో టైపు చెయ్యమంటే విసుక్కుంటాడమ్మా.
మీ పలక మీదైతే రాస్తున్నాడు.
బలపంతో టకటకా కొట్టి పిలుస్తాడు.
నిన్న నాతో పోట్లాడాడు, పలక నిండా.
ఇంకోటి పంపండి.
నాకు.
నేనూ జవాబు రాయాలి."

ఈవిణ్ణి ఏ గడిలో రాయాలి?
సుద్దముక్క పట్టుకుని
ఇమ్మానుయేలు చాలాసేపు నిలబడ్డాడు.

ఖాసింబీ లేచింది.
కంచె మీది కోవాకు గుప్పెడు కోసుకొచ్చి,
బొగ్గు కలిపి నూరి,
చిన్నప్పుడు బళ్లో రుద్దినట్టే రుద్దింది.
తల్లులు పోయారు. బెంగళూరు పోయింది.
ముందు పచ్చి వాసన,
ఆ తర్వాత నలుపు.
నెల జీతం కళ్లముందే చెరిగిపోతుంటే
ఆ కుర్రాడి ముఖం చూడాలి!
"తడారనీండి" అంది ఖాసింబీ.
"తడి మీద రాస్తే అక్షరం నిలవదు."

అప్పట్నుంచి
సోమవారం రాస్తాం, శనివారం తుడుస్తాం.
నిలిచినదాన్ని మాత్రం ఉంచుతాం.
ఫోను బలపం పక్కన పెట్టి
రాసే చప్పుడొక్కటే పంపుతాం, పాట పెట్టం.
కొన్న ప్రతి మనిషినీ అడుగుతాం, దేనికి కొన్నావని.
గిద్దలూరు టిఫిన్ సెంటరాయన ధరలు రాయడానికన్నాడు,
రోజూ పెంచుకోవచ్చుగా అని నవ్వాడు.
దోర్నాల దగ్గర ఒకావిడ పాల లెక్కకంది.
ఒకడు చెప్పనే లేదు, ఆరు కొన్నాడు.

లాభమా?
కరెంటు బిల్లు కట్టాం.
ఆగస్టులో ఏడో మనిషిని పెట్టుకున్నాం,
అక్టోబరుకి మళ్లీ ఆరుగురమే.
పై మూలన ఆ మొదటి ప్రశ్న మాత్రం
ఇమ్మానుయేలు ఎవర్నీ తుడవనివ్వడు.

నిన్న కావలి నుంచి ఫోటో వచ్చింది.
రెండు పలకలు పక్కపక్కన.
ఆయనది: పులుసులో ఉప్పు లేదు.
ఆవిడది: చెయ్యి ఉంది కదా, వేసుకో.

"మేడం, ఇది చాలు, యాడ్‌కి పెట్టేద్దాం!"
ముందు ఆవిణ్ణి అడుగన్నాను.
ఆయన్నడిగి చెబుతానందట.

ఇంకా జవాబు రాలేదు.
రాస్తున్నాడేమో.